పక్క కుర్చీ

ప్రేమ అనే మాటను తెలుగు పాఠాలు చెప్పుకునే మావంటివాళ్ళం అరగదీసినంతగా మరెవరూ అరగదీసి ఉండరు. ప్రబంధ నాయికదీ ప్రేమే, సినిమా పాటలోదీ ప్రేమే. కాని క్రైస్తవులు ఆ మాట అన్నప్పుడు దాని బరువు వేరు. పౌలు కొరింథీయులకు రాసిన మొదటి లేఖలో పదమూడో అధ్యాయమంతా దాని మీదనే నడుస్తుంది. 1611 నాటి ఇంగ్లీషు అనువాదంలో అక్కడ 'చారిటీ' అని వేశారు. ఆ మాటకు రానురాను దానధర్మమనే అర్థమే మిగిలింది. మన బైబిలులో 'ప్రేమ' అనే ఉన్నది. ఈ ఒక్క విషయంలో తెలుగువాళ్ళం అదృష్టవంతులమని నా అభిప్రాయం. దానంలో ఇచ్చే చెయ్యి పైన ఉంటుంది, పుచ్చుకునే చెయ్యి కింద ఉంటుంది. ప్రేమకు ఆ పైనా కిందా పనికిరావు.

పంతులుగారు నిఘంటువు విప్పాడని విసుక్కోకండి. సరిగ్గా ఈ తేడా గురించే మన డోర్నకల్ మనిషి ఒకాయన పెద్ద సభలో నిలబడి మాట్లాడారు.

మా జనగామలో రైలెక్కి, కాజీపేట, వరంగల్లు, మహబూబాబాదు (అదే, మన మానుకోట) దాటి మరికొంత దూరం పోతే డోర్నకల్ జంక్షను వస్తుంది. ఆయన పేరు వేదనాయగం శామ్యూల్ అజరయ్య. పుట్టుకకు తమిళుడు. 1874లో తిరునల్వేలి ప్రాంతంలోని ఒక పల్లెలో, పాస్టరుగారి ఇంట పుట్టారు. 1903లో ఆయనా, మరికొందరూ కలిసి మన మనుషులతో, మన డబ్బుతో, మన పెత్తనం కిందనే నడవాలని ఒక మిషనరీ సంఘం పెట్టారు. ఎన్నడూ చూడని తెలుగువాళ్ళ కోసం తమిళ పల్లెటూళ్ళవాళ్ళు చందాలు వేసుకున్నారు. 1909లో అజరయ్యగారే డోర్నకల్ వచ్చి స్థిరపడ్డారు. తెలుగు నేర్చుకున్నారు.

మరుసటి ఏడు, 1910 జూన్‌లో, స్కాట్లండులోని ఎడింబరోలో ప్రపంచ మిషనరీల మహాసభ జరిగింది. 1,200 మందికి పైగా ప్రతినిధులు వచ్చారు. అందులో ఆసియావాళ్ళు గుప్పెడు మంది. అజరయ్యగారికి అప్పటికి ముప్పై అయిదేళ్ళు. పొగడ్తతోనే మొదలుపెట్టారు. మీరు ఆస్తులిచ్చారు, ఒళ్ళు ధారపోశారు, అందుకు కృతజ్ఞులమన్నారు. ఆపైన అసలు సంగతి తీశారు. తెల్ల మిషనరీకీ, పక్కన పనిచేసే భారతీయుడికీ నడుమ స్నేహమన్నది లేదు, యజమానీ నౌకరూ అన్నట్టుగానే ఉన్నది అని. మేము అడుగుతున్నది ప్రేమ, మాకు స్నేహితులు కావాలి అని ముగించారు. సభ ఉలిక్కిపడింది. కొందరికి కోపం కూడా వచ్చింది. రాదూ మరి! అన్నీ ఇచ్చామనుకున్నవాళ్ళను పట్టుకొని, అసలుది ఇవ్వలేదంటే!

1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయనను బిషప్పుగా అభిషేకించారు. ఆంగ్లికన్ సంఘంలో భారతీయుడు బిషప్పు కావడం అదే మొదలు. నల్లవాడి కింద పనిచేయడమా అని గొణిగిన దొరలు లేకపోలేదు.

నాకు ఎక్కువ ఆసక్తిగా తోచేది ఆ తరువాతి కథ. ఎడింబరోలో దొరలను అడిగిన ప్రశ్ననే ఇంటికొచ్చి మనవాళ్ళనూ అడగవలసి వచ్చింది. ఆయన కాలంలో డోర్నకల్ సంఘం రెండు లక్షలు దాటింది. చేరినవారిలో అత్యధికులు మాలలు, మాదిగలు. బాప్తిస్మమైతే ఇద్దరూ తీసుకున్నారు. కాని ఒకే గిన్నెలో ప్రభువు బల్ల తీసుకోమంటే, ఒకే పంక్తిలో కూర్చోమంటే పాత పట్టింపులు లేచి కూర్చునేవి. సముద్రాల అవతల సభలో నిలదీయడం ఒక రోజు పని. మానుకోట పల్లెల్లో పంక్తి కలపడానికి ఆయనకు జీవితమంతా పట్టింది, అయినా పూర్తి కాలేదు. నడుమ పాతికేళ్ళ పాటు కట్టిన దేవాలయం మాత్రం 1939 జనవరి 6న ప్రతిష్ఠ అయింది. మసీదు గుమ్మటాలు, గుడి స్తంభాలు అన్నీ అందులో కలిసిపోయాయి. రాళ్ళు కలిసినంత సులువుగా మనుషులు కలవరు కాబోలు. 1945 జనవరి 1న ఆయన డోర్నకల్‌లోనే కన్నుమూశారు.

ఇదంతా క్రైస్తవుల గొడవ అని మనం తప్పుకోవడానికి వీలులేదు. పనిమనిషికి విడిగా గ్లాసు బోర్లించి ఉంచిన వంటిళ్ళు ఏ మతంలో లేవు? పండక్కి చీర పెడతాం, జ్వరమొస్తే మాత్రలకు డబ్బులిస్తాం, గ్లాసు మాత్రం కలపం. భూపాలపల్లి బొగ్గుగనిలో పనిచేసే మా బంధువు ఒకడుంటాడు. లోపలికి దిగాక ఎవరి సద్ది ఎవరు తిన్నారో పట్టదనీ, పైకొచ్చి స్నానం చేశాకనే కులాలు గుర్తుకొస్తాయనీ వాడు నవ్వుతూ చెబుతాడు.

మా వీధిలో ఒక నర్సమ్మగారు ఉన్నారు, క్రైస్తవులు. వాళ్ళింట్లో అంట్లు తోమే ముసలామెకు మొదటిరోజే కుర్చీ వేసి, ఇంటివాళ్ళ కప్పులోనే టీ పోసిచ్చారట. ఆమె గుమ్మం దగ్గర నేలమీదే కూర్చున్నది. ఎంత చెప్పినా వినలేదు. నర్సమ్మగారు ఇంకేమీ అనకుండా తన కప్పు తెచ్చుకొని తనూ నేలమీదే కూర్చున్నారు. అలా నాలుగు నెలలు సాగింది. చివరికి, ఈ వయసులో నీకు మోకాళ్ళ నొప్పులెందుకు బిడ్డా అని ఆ ముసలామే లేచి కుర్చీ ఎక్కింది. ఇప్పుడు టీలో చక్కెర తక్కువైందని రోజూ కేకలేస్తున్నది.