చిన్న రేడియోకు పెద్ద చెవి

తెలుగుదేశానికి దూరంగా, తరాల కిందటనే వచ్చి స్థిరపడిన మన కుటుంబాలలో రేడియోకు ఒక ప్రత్యేకస్థానం ఉండేది. ఖరగ్‌పూరు రైల్వే క్వార్టర్సులో కాని, సోలాపురం మగ్గాల పేటలో కాని, బొంబాయి కామాఠిపురాలో కాని వీధిలోకి వెళితే వినబడే భాష ఒకటి, ఇంట్లో మాట్లాడుకునే భాష ఒకటి. ఆ ఇంటిభాషకు బయటినుంచి అందే బలం కొంత పత్రికల వల్ల వచ్చేది. కొంత రాత్రిపూట గరగరల మధ్యనుంచి తేలివచ్చే రేడియో గొంతు వల్ల వచ్చేది. మద్రాసు కేంద్రం 1938 జూన్‌లోను, విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1వ తేదీన ప్రారంభమైనవి. నిజాం కాలపు దక్కన్ రేడియోను 1950 ఏప్రిల్‌లో ఆకాశవాణి స్వీకరించినది. ఈ కేంద్రాలను ఆనుకొని ఉన్నవారికంటె దూరాన ఉన్నవారే వాటి విలువ ఎక్కువ ఎరిగినవారని మా ఉద్దేశం.

ఇప్పుడు ఆ బాధ లేదు గదా, చేతిలో టెలిఫోను ఉంటే ప్రపంచంలోని తెలుగంతా అందులోనే వినబడుతుంది గదా అని మీరనవచ్చును. నిజమే. కాని ఫోనుకు వినపడాలంటే దారిపొడుగునా టవర్లూ, కరెంటూ, కేబుళ్లూ సవ్యంగా ఉండాలి. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాలపురం దగ్గర తీరం దాటినప్పుడు బరంపురం వైపు మనవాళ్లకు, సరిగ్గా ఏడాదికి అదే తేదీన హుద్‌హుద్ తాకినప్పుడు విశాఖవాసులకు ఆ సంగతి బాగా తెలిసివచ్చినది. కరెంటు పోయి, ఫోన్లు మూగవోయినప్పుడు బ్యాటరీతో పలికే చిన్న సెట్టు విలువ వేరు. దగ్గరి కేంద్రం కూడా ఆగిపోతే ఎక్కడో ఆరేడు వందల కిలోమీటర్ల అవతలి కేంద్రాన్ని ఆ సెట్టు పట్టగలదా అన్నదే ప్రశ్న. పట్టగలిగేటట్టు చేయడమే ఈ వ్యాసంలో చెప్పబోయే సరదా. ప్రపంచమంతటా దీనిని డీఎక్సింగ్ అంటారు. పూర్వం తంతి ఆపరేటర్లు ‘దూరం’ అనడానికి వాడిన పొట్టి గుర్తు నుంచి ఆ పేరు వచ్చినది.

దూరపు మీడియం వేవు రాత్రిపూటే ఎందుకు వినబడుతుంది? భూమికి 60 మొదలు 90 కిలోమీటర్ల ఎత్తున, ఎండవల్ల ఏర్పడే డి పొర అనేది ఒకటున్నది. పగలు అది ఈ తరంగాలను మింగివేస్తుంది. సూర్యుడు అస్తమించగానే ఆ పొర కరిగిపోతుంది. తరంగాలు ఇంకా పైకి పోయి, అక్కడి పొరలకు తగిలి, వందల కిలోమీటర్ల అవతల మళ్లీ నేలమీదికి దిగుతాయి. (ఈ పై వాతావరణం మీద ప్రపంచం మెచ్చిన గ్రంథాన్ని 1947లో వ్రాసినది కలకత్తాలోని మన శిశిర్ కుమార్ మిత్రే.) విజయవాడకు ఏళ్ల తరబడిగా ఉన్న 837 కిలోహెర్ట్జ్ తరంగం పొడవు సుమారు 358 మీటర్లు. పక్షి ఎగిరే దారిన విజయవాడకూ ఖరగ్‌పూరుకూ 950 కిలోమీటర్ల దూరం. రాత్రి తరంగానికి అదేమంత దూరం కాదు. అది వచ్చి మన ఇంటిమీద వాలుతూనే ఉంటుంది. మన సెట్టుకే చెవి చిన్నది.

ఆ చెవి ఎందుకు చిన్నదయినదో కొంచెం చెప్పాలి. వాల్వు సెట్ల రోజుల్లో మేడమీద రెండు వెదురుగడలు పాతి, మధ్యన రాగితీగ లాగి, దాని కొసను కిటికీలోనుంచి సెట్టుకు తగిలించేవారు. 1954లో అమెరికాలో మొదటి ట్రాన్సిస్టరు సెట్టు అమ్మకానికి వచ్చిన తరువాత రేడియో జేబులోకి దిగినది. తీగకు బదులు లోపల ఒక నల్లని ఫెర్రైట్ కడ్డీ, దానిమీద సన్నని తీగచుట్ట చేరినవి. వేలెడంత కడ్డీ వెదురుగడల మధ్య తీగ చేసే పని చేస్తున్నదంటే మెచ్చుకోవలసిందే. కాని దానికీ ఒక హద్దున్నది. కడ్డీ పొడవు పెరిగితే పట్టు పెరుగుతుంది. సెట్టు పెట్టె చిన్నదయితే కడ్డీ చిన్నదే అవుతుంది.

సెట్టును విప్పకుండా, ఒక్క మేకు కూడా కదల్చకుండా చేయగలిగినది చట్రపు ఏరియల్. అన్నిటికంటె మేము ముందుగా చెప్పేది ఇదే. రెండు కర్రముక్కలను కూడిక గుర్తులాగా అడ్డంగా నిలువుగా బిగించి, ఒక్కొక్క భుజం రెండడుగులుండేటట్టు చదరపు చట్రం తయారు చేయాలి. చట్రం కర్రదే కావాలి, ఇనుముది పనికిరాదు. దాని చుట్టూ పూత ఉన్న రాగితీగను పదకొండు పన్నెండు చుట్లు, చుట్టుకూ చుట్టుకూ మధ్య కొద్దిగా సందు ఉంచి చుట్టాలి. మొత్తం సుమారు వంద అడుగుల తీగ పడుతుంది. ఆ రెండు కొసలను పాత వాల్వు సెట్టులోని గ్యాంగు కండెన్సరుకు, అంటే రేకులు ఒకదానిలోకొకటి దూరుతూ తిరిగే దానికి, కలపాలి. పాత రేడియోలు బాగుచేసేవారి దగ్గర అడిగితే అటువంటిది అటకమీదినుంచి దిగుతుంది. అంతే! దీనికి కరెంటు లేదు, బ్యాటరీ లేదు, సెట్టుతో తీగ కలపడం కూడా లేదు.

చట్రాన్ని బల్లమీద నిలబెట్టి, సెట్టును దాని మధ్యకు చేర్చాలి. సెట్టులోని కడ్డీ చట్రంలోనుంచి దూరిపోతున్నట్టుగా ఉండాలి. ముందు సెట్టుమీద మీకు కావలసిన కేంద్రం స్థానానికి ముల్లు తిప్పండి. గుసగుసగా ఏదో వినబడుతుంది, లేదా గరగర తప్ప ఏమీ వినబడదు. అప్పుడు కండెన్సరును మెల్లగా తిప్పుతూ రండి. ఒకచోట గొంతు ఒక్కసారిగా ఉబికి వస్తుంది. అది ఎలా ఉంటుందో మేము వర్ణించడం కంటె మీరు వినడమే మేలు. పిల్లలయితే ఆ క్షణంలో వెనక్కు తిరిగి, ఎవరైనా సెట్టు మార్చారా అని చూస్తారు.

చట్రానికి ఇంకొక గుణమున్నది. దాని అంచు కేంద్రం వైపుకు ఉంటే బాగా వినబడుతుంది. ముఖం అటు తిప్పితే ఆ కేంద్రం దాదాపు మాయమవుతుంది. ఊళ్లోని పెద్ద కేంద్రం పక్క స్థానాలను కమ్మివేస్తున్నప్పుడు ముఖం దానివైపుకు తిప్పి దాని నోరు మూయించవచ్చును. బెంగుళూరు, మద్రాసు పాఠకులకు ఇది ముఖ్యంగా పనికివస్తుంది. యానాం వారికి ఇన్ని తంటాలు అక్కరలేదు. విశాఖపట్నం, విజయవాడ రెండూ వారికి గుమ్మంలోనివే.

సెట్టు విప్పే ధైర్యమున్నవారు తరువాతి మెట్టుకు పోవచ్చును: లోపలి కడ్డీని తీసి పొడవైన కడ్డీ బయట అమర్చడం. ఇల్లు అలకగానే పండుగ కాదన్నట్టు, పెద్ద కడ్డీ కొన్నంత మాత్రాన పని కాదు. కొత్త తీగచుట్ట విద్యుద్గుణం పాతదానితో సరిపోవాలి. ముల్లు తిప్పే పాత రకం సెట్టులో ఆ తూకం తప్పితే డయలు ఒక కొసన బాగా పలికి రెండవ కొసన చెవుడు వస్తుంది. చుట్టను కడ్డీమీద అటూ ఇటూ జరుపుతూ, బాగా పలికినచోట మైనంతో అంటించాలి. టెక్సన్ పీఎల్-380 వంటి అంకెల సెట్లలో ఈ కష్టం తక్కువ. అందులోని చిప్ప చుట్టకు తగ్గట్టు తనను తానే సరిదిద్దుకుంటుంది. అమెరికా పశ్చిమతీరంలో ఈ విద్యకు పెద్ద సరదాబృందమే ఉన్నది. జేబులో పట్టే సెట్లకు పొడవైన కడ్డీలు, పీపా పలకల్లాగా గుండ్రంగా పేర్చిన కడ్డీల గుత్తులు అమర్చి, సముద్రపు గట్టున తెల్లవారుజామున కూర్చుని, పసిఫిక్ అవతలి జపాను, న్యూజీలాండు కేంద్రాలు విన్నవారు వారిలో ఉన్నారు.

పట్టు పెరిగితే మరొక చిక్కు వస్తుంది: అన్నీ ఒకేసారి వినబడతాయి. మన వైపు దేశాలలో కేంద్రానికీ కేంద్రానికీ మధ్య ఎడం 9 కిలోహెర్ట్జ్. చౌకసెట్టులోని జల్లెడ కన్నాలు పెద్దవి, పక్కవాడి మాట కూడా జారిపడుతుంది. ఆ జల్లెడ 455 కిలోహెర్ట్జ్ దగ్గర పనిచేసే చిన్న బిళ్ల. దానిని టంకం కరిగించి తీసి, అదే స్థానంలో ఇరుకైనదానిని పెడతారు. గాత్రకచేరీ వినాలనుకునేవారికి మేము దీనిని సిఫారసు చేయము, తంబురా నాదం దుప్పటి కప్పుకున్నట్టవుతుంది. వార్తలు వినడానికయితే ఇంతకంటె మంచి మార్పు లేదు.

ఒక హెచ్చరిక. ఈ పనులన్నీ బ్యాటరీ సెట్ల మీదనే చేయాలి; గోడకరెంటుతో నడిచే సెట్టును అనుభవం లేనివారు విప్పరాదు. ఉరుములు మెరుపులు ఉన్నప్పుడు చట్రం పట్టుకుని మేడమీద నిలబడరాదు.

మార్పులెన్ని చేసినా ఈనాటి ఇల్లే రేడియోకు శత్రువు. ఎల్.ఇ.డి. దీపాలు, ఫోను చార్జర్లు, టెలివిజను, ఇన్వర్టరు అన్నీ చెవిలో జోరీగలే. ఎవరి ఇంట్లో ఏది దోషియో తెలుసుకోవాలంటే, సెట్టు పలుకుతుండగా ఇంట్లోవారి అనుమతితో (ఇది ముఖ్యం) ఒక్కొక్క స్విచ్చి కట్టివేస్తూ పోవాలి. గరగర హఠాత్తుగా తగ్గినచోట దొంగ దొరికినట్టే. కొందరి ఇళ్లలో అన్నీ కట్టినా తగ్గదు. అప్పుడు చట్రమూ సెట్టూ పట్టుకుని మేడమీదికో, ఊరిచివరి మైదానానికో పోవడమే.

మంచి కాలం శీతకాలం. వేసవిలో ఎక్కడో మెరిసే మెరుపులు కూడా సెట్టులో పటపటమంటాయి. మార్గశిరం, పుష్యమాసపు రాత్రులు నిర్మలంగా ఉంటాయి. గొంతు దగ్గరకు వచ్చి, దూరమై, మళ్లీ రావడం సెట్టు లోపం కాదు. వేరు వేరు దారులవెంట వచ్చిన తరంగాలు ఒకసారి కలిసి, ఒకసారి ఒకదానినొకటి చెరిపివేసుకోవడం వల్ల అది జరుగుతుంది. ఒక్క నిమిషం ఓపికపట్టాలి.

ఈ సరదాకు గడువున్నదన్న సంగతి కూడా దాచరాదు. జర్మనీలో డాయిష్‌లాండ్‌ఫుంక్ సంస్థ 2015 డిసెంబరు 31తో మీడియం వేవు ప్రసారాలు ఆపివేసినది. మన దేశంలోను కొన్ని ట్రాన్స్‌మిటర్లు మూతపడ్డాయి. అందువల్ల కూర్చునేముందు ఏ కేంద్రం ఇంకా పలుకుతున్నదో ఆరా తీయండి. దూరపు కేంద్రం వినబడితే ఒక పుస్తకంలో తేదీ, వేళ, స్థానం, విన్న అంశం, గొంతు ఎంత స్పష్టంగా ఉన్నదో వ్రాసి ఉంచండి. ఆ వివరాలు ఆకాశవాణికి వ్రాస్తే విన్నట్టు ధ్రువపరిచే కార్డు పంపే సంప్రదాయమున్నది. ఉత్తరంలో మీ ఊరు, సెట్టు పేరు, చట్రం కొలతలు తప్పక వ్రాయండి. ‘బాగా వినబడినది’ అని ఊరుకోక, ఎనిమిదీ పదికి వార్తల మధ్యన ఏ మాట దగ్గర గొంతు తగ్గినదో, ఎప్పుడు మళ్లీ లేచినదో కూడా వ్రాయండి. ప్రసారశాఖ ఇంజనీర్లకు పనికివచ్చేది ఆ వివరమే.