ఇంకెన్నాళ్లమ్మా ఆ పీహెచ్‌డీ!

'ఏం చేస్తున్నావమ్మా ఇప్పుడు?'

'పీహెచ్‌డీ చేస్తున్నా బాబాయ్‌.'

'అది సరేలే... ఉద్యోగం ఏదైనా చూసుకున్నావా?'

పెళ్లిళ్లలో, గృహప్రవేశాల్లో పరిశోధక విద్యార్థులకు తప్పని సంభాషణ ఇది. 27 ఏళ్లొచ్చినా ఇంకా హాస్టల్లోనే ఉంటున్నారంటే చదువు సరిగ్గా సాగడంలేదేమో అనుకుంటారు చుట్టాలు. ఆ వయసుకి తోటివాళ్లు రెండు సాఫ్ట్‌వేర్‌ కంపెనీలు మారి, ఫ్లాటుకి అడ్వాన్సు కూడా కట్టేసి ఉంటారు మరి!

పీహెచ్‌డీ అంటే అటు చదువుకీ ఇటు ఉద్యోగానికీ మధ్య నడిచే శిష్యరికం. సంగీత విద్వాంసుడి దగ్గర చేరినట్టు ఒక గురువు దగ్గర చేరి, ఇంతవరకూ ఎవరూ జవాబు చెప్పని ప్రశ్న ఒకటి పట్టుకుని దాని అంతు చూసేదాకా కూర్చోవడం. ఎన్నాళ్లు పడుతుందో కచ్చితంగా చెప్పడం ఎవరి తరమూ కాదు. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు. ఆపైన మరో రెండేళ్ల పొడిగింపు అడగొచ్చు. మూడుకీ ఎనిమిదికీ మధ్య ఎంత తేడా! ఒక మనిషి పెళ్లి, కాపురం, తొలి జీతం అన్నీ ఆ తేడాలోనే ఉన్నాయి. ఆ తేడా చాలావరకు మొదటి ఏడాదిలోనే, గైడు ఎవరన్న దగ్గరే తేలిపోతుంది.

గైడు కుదిరితే...

మనవాళ్లు ముందు విశ్వవిద్యాలయం పేరు చూస్తారు. తర్వాత అంశం. గైడు ఎవరొస్తే వాళ్లే! నిజానికి ఈ వరసను తిరగేయాలి. పెళ్లి సంబంధానికి ఏడు తరాలూ ఆరా తీసే మనం, ఐదారేళ్లు రోజూ ముఖం చూడాల్సిన మనిషి గురించి ఒక్క ముక్క కూడా వాకబు చేయం.

వాకబు చేయడం కష్టమేమీ కాదు. ఆయన దగ్గర ఇప్పుడు పనిచేస్తున్నవాళ్లతో క్యాంటీన్లో ఓ అరగంట కూర్చుంటే సగం తెలిసిపోతుంది. ఇంతకుముందు చేసినవాళ్లకు ఎన్నేళ్లు పట్టింది? మధ్యలో మానేసినవాళ్లు ఎందరు? వారానికోసారైనా ఆయన దొరుకుతారా? పరిశోధన పత్రాల్లో పని చేసినవాళ్ల పేరు ముందుంటోందా, వెనక్కి పోతోందా? ఆయన విద్యార్థుల సిద్ధాంత గ్రంథాలు 'శోధ్‌గంగ'లో దొరుకుతాయి. దేశంలోని విశ్వవిద్యాలయాల థీసిస్‌లు లక్షల సంఖ్యలో ఉన్న ఉచిత భాండాగారమిది. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్‌ నడుపుతోంది. రెండు మూడు తిరగేస్తే పని ఏపాటిదో అర్థమైపోతుంది.

నిబంధనలూ కొంత కాపు కాస్తాయి. ఒకేసారి ప్రొఫెసర్‌ దగ్గర 8 మంది, అసోసియేట్‌ ప్రొఫెసర్‌ దగ్గర ఆరుగురు, అసిస్టెంట్‌ ప్రొఫెసర్‌ దగ్గర నలుగురికి మించి స్కాలర్లు ఉండకూడదు. పదవీ విరమణకు మూడేళ్లలోపు ఉన్నవాళ్లు కొత్తవాళ్లను తీసుకోకూడదు. పెద్ద పేరున్న ప్రొఫెసరే కావాలని పట్టుబట్టేవాళ్లకు ఓ మాట... సమావేశాలూ, కమిటీలూ అంటూ తిరిగే పెద్దాయనకన్నా, కొత్తగా చేరి తానూ పేరు తెచ్చుకోవాలని తపించే కుర్ర అసిస్టెంట్‌ ప్రొఫెసర్‌ దగ్గరే పని త్వరగా తెమిలే అవకాశం ఎక్కువ.

గైడుగారి పిల్లల్ని స్కూలు నుంచి తీసుకురావడం, కరెంటు బిల్లు కట్టిరావడం లాంటి కథలు క్యాంపస్‌లలో వినపడుతూనే ఉంటాయి. గురుసేవ అనుకుని నవ్వేసే విషయం కాదిది. కుదరదనిపిస్తే ఆ సంగతి విభాగాధిపతికీ, పరిశోధనా సలహా సంఘానికీ తొందరగా చెప్పాలి. ప్రతి సెమిస్టరుకీ ఆ సంఘం ముందు ప్రగతి వివరించాలన్న నియమం ఉన్నదే అందుకు. మొదటి ఏడాది గైడును మార్చుకుంటే పోయేది కొన్ని నెలలు. నాలుగో ఏడాది మార్చుకుంటే పోయేది థీసిస్సే!

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు కథ ఇక్కడ గుర్తుచేసుకోవాలి. 1923లో అమెరికా వెళ్లి, ఆసుపత్రిలో చిన్న పనులు చేసుకుంటూ హార్వర్డ్‌లో సైరస్‌ ఫిస్క్‌ దగ్గర చేరారు. ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని 1925లో ఇద్దరి పేర్లతో ప్రచురించారు. జీవరసాయన శాస్త్రం చదివినవాళ్లకు 'ఫిస్క్‌-సుబ్బారావు పద్ధతి' ఇప్పటికీ తెలుసు. 1930లో పీహెచ్‌డీ వచ్చింది. హార్వర్డ్‌లో స్థిరమైన అధ్యాపక పదవి మాత్రం రాలేదు. ఆయన వేరుచేసిన కొన్ని పదార్థాలను తర్వాతివాళ్లు మళ్లీ కనిపెట్టుకోవాల్సి వచ్చిందనీ, ఫిస్క్‌ అసూయతో వాటిని వెలుగులోకి రానివ్వకపోవడమే కారణమనీ సహచరుడు జార్జ్‌ హిచింగ్స్‌ తర్వాత చెప్పారు. హిచింగ్స్‌ 1988లో నోబెల్‌ అందుకున్న శాస్త్రవేత్త. సుబ్బారావు 1940లో, 45 ఏళ్ల వయసులో లెడర్లీ సంస్థకు మారిపోయారు. ఫోలిక్‌ యాసిడ్‌ తయారీ, ఆరియోమైసిన్‌... ఆయన పేరు నిలబెట్టిన పనులు అక్కడ జరిగినవే.

ఒకే ల్యాబు, రెండు జీతాలు

జాతీయ అర్హత పరీక్షలో జేఆర్‌ఎఫ్‌ సాధించినవాళ్లకు 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలు. రెండేళ్ల తర్వాత 42,000. హాస్టల్లో లేకపోతే ఇంటద్దె వేరు. 2014కు ముందు ఇది 16,000. ఆ ఏడాది 25,000, 2019లో 31,000 అయింది. పెంచమంటూ దేశమంతటా పరిశోధకులు రోడ్డెక్కితేగానీ 2019 పెంపు రాలేదు.

ఇదంతా జేఆర్‌ఎఫ్‌ వచ్చినవాళ్ల మాట. కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో అది లేకుండా చేరినవాళ్లకు యూజీసీ నాన్‌-నెట్‌ ఫెలోషిప్‌గా నిర్ణయించింది 8,000. పక్కపక్క బల్లల మీద, అదే గైడు దగ్గర, అవే పరికరాలతో ఒకరికి 37,000... మరొకరికి 8,000! ఆ 8,000 కూడా ఆపేస్తామని 2015లో యూజీసీ అంటే ఢిల్లీలో విద్యార్థులు యూజీసీ కార్యాలయం ముందే బైఠాయించారు. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లోనైతే ఏ ఫెలోషిప్పూ లేకుండా, ప్రైవేటు కాలేజీల్లో పాఠాలు చెప్పుకుంటూ నెట్టుకొచ్చేవాళ్లు కోకొల్లలు. అందుకే పీజీ రెండో ఏడాదిలోనే నెట్‌కు కూర్చోవడం మంచిది. జేఆర్‌ఎఫ్‌కు సాధారణ వయోపరిమితి 30 ఏళ్లు. 2024 నుంచి నెట్‌ స్కోరే పీహెచ్‌డీ ప్రవేశాలకూ పనికొస్తోంది కాబట్టి రెండు పనులూ ఒకేసారి అయిపోతాయి.

వచ్చే డబ్బు కూడా జీతంలా ఒకటో తారీఖున పడదు. సంస్థ నుంచి ధ్రువీకరణ వెళ్లాలి. ఎక్కడ ఒక్క సంతకం ఆగినా రెండు మూడు నెలలు ఆగిపోతుంది. కొడుకు మళ్లీ ఇంటికి ఫోన్‌ చేసి డబ్బడిగాడంటే దుబారా అనుకోకండి.

పెళ్లయితే చదువు మానాలా?

అమ్మాయి పీహెచ్‌డీ అనగానే ఇంట్లో మొదలయ్యే లెక్క ఇదే. 'పెళ్లి చేసి పంపిస్తే ఆ చదువు గంగపాలు' అన్న భయం. 2022 నిబంధనలు తెలిస్తే భయం కొంత తగ్గుతుంది. మహిళా స్కాలర్లకు గడువు మీద అదనంగా మరో రెండేళ్లు ఇవ్వొచ్చు. ప్రసూతి, శిశు సంరక్షణ కోసం 240 రోజుల దాకా సెలవుంది. పెళ్లయి వేరే ఊరు వెళ్లాల్సి వస్తే, చేసిన పనినీ సమాచారాన్నీ అక్కడి విశ్వవిద్యాలయానికి బదిలీ చేసుకోవచ్చు. కాకపోతే కొత్తచోట మళ్లీ గైడు దొరకాలి. అదంత తేలిక కాదు. సంబంధం ఖాయం చేసుకునేటప్పుడే 'మా అమ్మాయి థీసిస్‌ ఇంకా రెండేళ్లుంది' అని అవతలివాళ్లకు చెప్పేస్తే సగం తలనొప్పి వదులుతుంది. కట్నకానుకలు మాట్లాడుకునేచోట ఈ మాటకు మొహమాటమెందుకు!

లెక్కకు వచ్చే పేపర్లు

థీసిస్‌ ఇచ్చేముందు పత్రం ప్రచురించి తీరాలన్న నియమాన్ని 2022లో తీసేశారు. హమ్మయ్య అనుకోవడానికి లేదు. విశ్వవిద్యాలయాల్లో అసిస్టెంట్‌ ప్రొఫెసర్‌ ఇంటర్వ్యూకు ఎవరిని పిలవాలో తేల్చేందుకు 2018లో యూజీసీ ఇచ్చిన 100 మార్కుల పట్టికలో పీహెచ్‌డీకి 30, పరిశోధన పత్రాలకు 10. ఒక్కో పత్రానికి 2 మార్కులు. ఈ 2 మార్కుల కోసమే డబ్బు తీసుకుని ఏది పంపినా అచ్చేసే పత్రికలు పుట్టగొడుగుల్లా పుట్టుకొచ్చాయి. మంచి పత్రికలేవో చెప్పడానికి యూజీసీ నడిపిన 'కేర్‌' జాబితాను కూడా 2025లో ఎత్తేశారు. ఇప్పుడు మంచీచెడ్డా తేల్చుకోవాల్సింది సంస్థలూ పరిశోధకులే. 'వారంలో అచ్చేస్తాం, ఇంత కట్టండి' అని మెయిల్‌ వచ్చిందంటే అటువైపు వెళ్లకపోవడమే మేలు.

సంఖ్యతోనే అంతా తేలదనడానికి సి.ఆర్‌.రావు ఉన్నారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎమ్మే చేసి, అక్కడే పరిశోధనకు స్కాలర్‌షిప్‌ అడిగితే దరఖాస్తు ఆలస్యంగా వచ్చిందని తిప్పి పంపారు. సైన్యంలో ఉద్యోగం కోసం కలకత్తా వెళితే అదీ రాలేదు. అక్కడ పరిచయమైన ఓ వ్యక్తి వల్ల ఇండియన్‌ స్టాటిస్టికల్‌ ఇన్‌స్టిట్యూట్‌ గురించి తెలిసి అందులో చేరారు. 1945లో, పాతికేళ్ల వయసులో, పీహెచ్‌డీ లేకుండానే కలకత్తా మ్యాథమెటికల్‌ సొసైటీ బులెటిన్‌లో ఓ పత్రం రాశారు. సంఖ్యాశాస్త్రం చదివేవాళ్లంతా నేటికీ నేర్చుకునే 'క్రామర్‌-రావు' సూత్రం అందులోదే. కేంబ్రిడ్జి పీహెచ్‌డీ 1948లో వచ్చింది. ఆ 1945 పనిని గుర్తిస్తూ 2023లో, ఆయనకు 102 ఏళ్లున్నప్పుడు, అంతర్జాతీయ సంఖ్యాశాస్త్ర బహుమతి ఇచ్చారు. మన పట్టిక ప్రకారం ఆ పత్రానికి 2 మార్కులు!

థీసిస్‌ ఇచ్చేశాక...

ఇంట్లోవాళ్లకు అసలు తెలియని కాలం ఇది. థీసిస్‌ సమర్పించాక బయటి పరీక్షకులకు వెళుతుంది. వాళ్ల నివేదికలు వచ్చాకే వైవా. మొత్తం ఆరు నెలల్లో పూర్తి కావాలని నిబంధన ఉన్నా అంతకుమించి సాగే సందర్భాలున్నాయి. చాలామందికి ఈలోపే ఫెలోషిప్‌ గడువు అయిపోతుంది. హాస్టల్‌ ఖాళీ చేయాలి. చేతిలో డిగ్రీ ఉండదు, ఉద్యోగం ఉండదు, రూపాయి ఉండదు.

తర్వాత దారి కూడా తిన్నగా ఉండదు. నెట్‌ ఉంటే అసిస్టెంట్‌ ప్రొఫెసర్‌కు పీహెచ్‌డీ తప్పనిసరి కాదని 2023 జులైలో యూజీసీ చెప్పడంతో పోటీ పెరిగింది. ఆంధ్రప్రదేశ్‌ విశ్వవిద్యాలయాలు అదే ఏడాది 3 వేలకు పైగా పోస్టులకు ప్రకటనలిచ్చాయి. అవి కోర్టు వివాదాల్లో చిక్కుకున్నాయి. రెండు రాష్ట్రాల్లోనూ ఒప్పంద అధ్యాపకులుగా, గెస్టు లెక్చరర్లుగా ఏళ్లు గడిపేసిన డాక్టరేట్లు ఎందరో. సైన్సు వాళ్లకు జాతీయ పోస్ట్‌ డాక్టొరల్‌ ఫెలోషిప్‌ ఉంది. అది రెండేళ్లు, సాధారణ వయోపరిమితి 35. ఆ తర్వాత ఇన్‌స్పైర్‌ ఫ్యాకల్టీ లాంటివి... ఐదేళ్లపాటు నెలకు 1,25,000. వీటికి డిగ్రీ వచ్చాక దరఖాస్తు చేద్దామని కూర్చుంటే ఏడాది ఇట్టే పోతుంది. ముందుచూపున్నవాళ్లు ఆఖరి అధ్యాయం రాస్తూనే, చేరాలనుకున్న ల్యాబులకు ఉత్తరాలు మొదలుపెడతారు.

పిల్లల పీహెచ్‌డీ కోసం ఇంట్లో కొంత డబ్బు పక్కన పెట్టదలిస్తే, ప్రవేశం దొరికిన రోజు కోసం కాదు... థీసిస్‌ ఇచ్చిన రోజు నుంచి వైవా దాకా గడిచే ఆ ఎనిమిది, పది నెలల కోసం పెట్టండి.