వంటయింటిలో ఆత్మసమర్పణము

స్వచిత్తమును దేవునికి అప్పగించుట యనగానే మనకు గెత్సేమనే తోట స్ఫురించును. కాని సామాన్య క్రైస్తవునకు అట్టి ఘోరమైన ఘడియ అరుదు. అతని స్వచిత్తము మొండికెత్తునది నిత్యకృత్యములయందే.

ఫ్రాన్సు దేశమున బ్రదర్ లారెన్సు అను సోదరుడుండెను. యౌవనమున సైనికుడు, కాలు కుంటిది. 1640లో పారిస్ నగరమందలి కార్మెలైట్ మఠమున చేరెను. లోకమును విడిచి వచ్చినవానికి పెద్దలు చూపిన చోటు వంటయిల్లు! ఆ పనియన్న అతనికి స్వభావముచేతనే ఏవగింపు. అయినను ఏండ్ల తరబడి అందే యుండి, పెనముమీది గ్రుడ్డట్టును తిరగవేయుట సైతము దేవుని ప్రీతికొరకే చేసెను.

ఒకమారు ద్రాక్షారసము కొని తెమ్మని అతనిని బర్గండీకి పంపిరి. బేరసారములు తెలియవు, పడవలో కదలవలెనన్న పీపాలమీద దొర్లవలసినదే. ఇది నీ కార్యమేయని దేవునితో విన్నవించుకొని, పని చక్కగా నెరవేర్చుకొని వచ్చెను. సమర్పణమనగా చేతులు ముడుచుకొని కూర్చుండుట యని తలచువారు ఈ పీపాలను మరువరాదు. అతడు విడిచినది పనిని కాదు. ఆ పని తనకు తగునా, తగదా యను తగవును.

పిదప అతనికి చెప్పులు బాగుచేయు పని లభించెను. అది అతనికి మిక్కిలి నచ్చినది. నచ్చని పనిని సహించుటకంటె నచ్చినదానిని గట్టిగా పట్టుకొనకుండుట కష్టతరమని నా తలంపు. అతడు మాత్రము, వంటయింటిని విడిచినట్లే దీనిని సైతము విడుచుటకు సిద్ధముగా నున్నానని చెప్పెడివాడు. 1691లో ఆ మఠముననే కన్నుమూసెను.