చెఱువునీటిలోని కంటికి కానరాని పైరు

మా యూరి చెఱువులో నొకనాటి వేకువజామున చేపలన్నియు నీటిపైకి వచ్చి నోళ్లు తెఱచుకొని తేలినవి. తెల్లవారునప్పటికి బొచ్చెలును, శీలావతులును వెల్లకిలబడి గట్టునకు కొట్టుకొనివచ్చినవి. పొరుగూరివారు విషము కలిపిరని మావారు కఱ్ఱలు చేతబట్టిరి. పెద్దలడ్డుపడకున్నచో నానాడు తలలు పగిలియుండెడివి. అప్పుడు నేను బాలుడను. విషము కలిపినవాడు మనుష్యుడు కాడని తెలియుటకు నాకు చాల యేండ్లు పట్టినది. ఆ సంగతియే మీకు విన్నవింప దలచితిని.

చెఱువునీరు దోసిట పట్టి చూడుడు, ఏమియు కానరాదు. ఆ నీటిచుక్కనే సూక్ష్మదర్శినిక్రింద నుంచినచో తిరునాళ్ల జనమే! అందు కొన్ని వృక్షజాతివి: పచ్చనాచు కణములు, గాజుపెట్టెలవంటి పెంకులుగల డయాటములు, నీలిపచ్చ నాచులు. కొన్ని జంతుజాతివి: తలపై చక్రములు తిరుగుచున్నట్లు తోచు రోటిఫెరులు, గంతులు వేయుచు నీదు డాఫ్నియాలు. నీటి పోకతో కొట్టుకొనిపోవు నీ జీవులకు 1887లో హెన్సెన్ అను జర్మను పండితుడు ప్లాంక్టన్ అని పేరిడెను. మనము ప్లవకములందుము. వృక్షప్లవకములు చెఱువునకు పైరు. జంతుప్లవకము లాపైరును మేయు మందలు. నీటి పైపొరలో తిరుగు బొచ్చె యా మందలనే మ్రింగి బలియును.

మంచి నీటిలో జాతులు పెక్కు. ఏ జాతియు మితిమీరదు. పేడకుప్పల కడుగునీరును, పొలములకు చల్లిన యెరువును వచ్చి చేరినప్పుడు భాస్వరము, నత్రజని హెచ్చి, నీలిపచ్చనాచులలో నేదో యొక్కటి తక్కినవాని నణచి నీటిపై పచ్చని మీగడ కట్టును. చూపునకు చెఱువు పచ్చగా, సమృద్ధిగా నున్నట్లే యుండును! పగలు ఎండలో నది ప్రాణవాయువును విడుచును. రాత్రి వెలుతురు లేనందున తానును పీల్చును, చేపయు పీల్చును. అందుచేత వేకువకు నీటిలో ప్రాణవాయువు మిక్కిలి తగ్గును. ముందటి పగలు మబ్బు పట్టియున్నచో మఱియు కొఱత. నాచు ఒక్కుమ్మడిగా చచ్చి క్రుళ్లినచో చెప్పనక్కఱలేదు. మా చెఱువునకు పట్టిన విషమిదియే. ఈ నాచులలో కొన్ని నిజముగనే విషము పుట్టించును. ఆ నీరు త్రాగిన పశువులు చచ్చుట కలదు. కాచినను ఆ విషము పోదు. కావున మీగడ కట్టిన రేవున గొడ్లను దింపకుడు.

ఉప్పునీటి రీతి వేఱు. పులికాటు సరస్సులో వానకాలపు మంచినీరు చేరినపుడు ఉప్పు తగ్గి కొన్ని జాతులు వృద్ధియగును. వేసవిలో ఉప్పు హెచ్చి వేఱు జాతులు తలయెత్తును. విశాఖపట్టణపు తీరమున వేసవి మొదట నైరృతిగాలి పైనీటిని లోనికి త్రోయగా, అడుగునుండి చల్లని సారవంతమైన నీరు పైకివచ్చి డయాటములను పెంచును. సముద్రమునకును ఎరువు కావలెనన్నమాట.

1865లో సెక్కి యను ఇటలీ పండితుడు తెల్లని పళ్లెమును సముద్రములో దించి, అది యెంత లోతున కనుమఱుగగునో చూచి నీటి తేటను కొలిచెను. మీకు పళ్లెమేల? చేతిని మోచేతివఱకు నీట ముంచుడు. అంతకుముందే పచ్చదనములో అరచేయి మఱుగుపడినచో పైరు మితిమీరినదని యెఱుగుడు. వఱదనీటి బురదలో మాత్రమీ పరీక్ష చెల్లదు. అట్టి చెఱువులోనికి పేడనీరు రానీయకుడు. వేకువను చేపలు నోళ్లు తెఱచినచో క్రొత్తనీరు పెట్టుడు. అది లేనిచో తెడ్లతో నీటిని చిమ్మి గాలి కలియనిండు.

మఱుసటి వేసవిని ఆ పొరుగూరి చెఱువులోను చేపలు చచ్చినవి. అప్పుడు వారు మమ్మనుమానించిరి.