గుట్టు విప్పితేనే నామినేషను

కామారెడ్డి, ఎల్లారెడ్డి పల్లెల్లో పిల్లనిచ్చే ముందు పెళ్లికొడుకు ఆస్తి, అప్పు, నడత నలుగురినీ విచారిస్తారు. ఓటడిగే వారి సంగతీ అట్లే తెలుసుకునే హక్కు ఓటరుకు ఉన్నదని సుప్రీంకోర్టు 2002 మే 2న తీర్పు చెప్పింది. ఇప్పుడు ప్రతి అభ్యర్థీ తన ఆస్తులు, అప్పులు, చదువు, క్రిమినల్ కేసులు ప్రమాణపత్రంలో రాసి ఇవ్వవలసిందే. 2023లో కామారెడ్డిలో పోటీపడిన అప్పటి ముఖ్యమంత్రి చంద్రశేఖరరావు, ఆ ఎన్నికల తరువాత ముఖ్యమంత్రి అయిన రేవంత్‌రెడ్డి, వారిద్దరిపై గెలిచిన కాటిపల్లి వెంకటరమణారెడ్డి ముగ్గురూ ఆ పత్రం ఇచ్చినవారే.

తప్పుడు వివరాలిస్తే ఆరు నెలల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. పత్రాన్ని ఎన్నికల అధికారి కార్యాలయం నోటీసు బోర్డుపై పెడతారు. అది గోడకే పరిమితమైతే ప్రయోజనం లేదు. చదువుకున్న యువకులు రచ్చకట్ట వద్ద నలుగురికీ చదివి వినిపించాలి.