చవక ఎయిర్ రైఫిల్: మార్చాల్సింది స్ప్రింగును కాదు

తిరునాళ్లలోనో, హైదరాబాద్ నుమాయిష్‌లోనో బెలూన్లు కట్టిన బోర్డు ముందు తుపాకి పట్టుకున్నవారు మనలో చాలామందే ఉంటారు. గొట్టాన్ని కిందికి వంచి, వెనుక రంధ్రంలో ఒక సీసపు పెల్లెట్ పెట్టి, మళ్లీ మూసి పేలుస్తారు. ఒకసారికి ఒకటే పెల్లెట్. మందుగుండు ఉండదు, పని చేసేది గాలి. దీన్ని బ్రేక్ బ్యారెల్ ఎయిర్ రైఫిల్ అంటారు. కొన్ని వేల రూపాయలకు దొరికే ఇలాంటి రైఫిల్‌తోనే మన దేశంలో చాలామంది గురి నేర్చుకోవడం మొదలుపెడతారు. 2008లో బీజింగ్‌లో అభినవ్ బింద్రాకు బంగారు పతకం, 2012లో లండన్‌లో మన హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్‌కు కాంస్యం వచ్చింది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలోనే. ఆ స్థాయి రైఫిళ్ల ధర లక్షల్లో ఉంటుంది. కానీ పెల్లెట్ అదే, దూరం అదే, భౌతికశాస్త్రమూ అదే.

రైఫిల్ ఇంటికొచ్చిన నెల తిరగకముందే కొత్త యజమానికి ఒక కోరిక పుడుతుంది. దీన్ని ఇంకా గట్టిగా కొట్టేలా చెయ్యలేమా? బలమైన స్ప్రింగు వేస్తామనే మెకానిక్‌లు, వేయించుకోమనే స్నేహితులు ఉండనే ఉంటారు. వేగం పెరిగితే గురి కూడా కుదురుతుందని వాళ్ల నమ్మకం. ఆ నమ్మకం తప్పు. పైగా దాని వల్ల రైఫిల్ చట్టం గీసిన గీత దాటిపోవచ్చు, ఎవరి కన్నో పోవచ్చు. ట్రిగ్గర్ నొక్కాక లోపల ఏం జరుగుతుందో చూస్తే సంగతి తెలుస్తుంది.

ఒక్క పేలుడు, రెండు కుదుపులు

గొట్టాన్ని వంచినప్పుడు మన చేతి బలం లోపలున్న ఉక్కు స్ప్రింగును నొక్కుతుంది. పిస్టన్ వెనక్కి వెళ్లి ఒక కొక్కేనికి తగులుకుని ఆగుతుంది. ట్రిగ్గర్ నొక్కితే కొక్కెం వదులుతుంది. స్ప్రింగు పిస్టన్‌ను ముందుకు తోస్తే, పిస్టన్ తన ముందున్న గాలిని నొక్కుతుంది. సైకిల్‌కు గాలి కొట్టేటప్పుడు పంపు అడుగు వేడెక్కడం అందరికీ తెలిసిందే. ఇక్కడ అదే పని రెప్పపాటు కన్నా తక్కువ సమయంలో జరుగుతుంది. వేడి బయటికి పోయే వ్యవధి లేక గాలి ఉష్ణోగ్రత వందల డిగ్రీలకు ఎగబాకుతుంది. ఆ గాలి ఒత్తిడే పెల్లెట్‌ను నెడుతుంది.

ఇప్పుడు న్యూటన్ మూడో సూత్రం గుర్తు చేసుకోండి. బరువైన పిస్టన్ ముందుకు దూకగానే రైఫిల్ వెనక్కి జరుగుతుంది. పిస్టన్ చివరికొచ్చి ఆగగానే రైఫిల్ ముందుకు కుదుపుతో లాగుతుంది. ఈ కదలిక పెల్లెట్ ఇంకా గొట్టంలో ఉండగానే మొదలవుతుంది. అంటే స్ప్రింగు రైఫిల్ కదులుతూనే పెల్లెట్‌ను వదులుతుంది. కాబట్టి గురి కుదరాలంటే ఆ కదలిక ప్రతిసారీ ఒకేలా ఉండాలి. అనుభవమున్న షూటర్లు ఇలాంటి రైఫిల్‌ను బిగించి పట్టరు. ముందు భాగాన్ని అరచేతిలో వదులుగా ఆనించి, దాన్ని తన దారిన కదలనిస్తారు. గట్టి బల్ల మీద ఆనించి కాలిస్తే గురి ఇంకా బాగుంటుందనుకుంటాం గానీ, బల్ల నుంచి రైఫిల్ ఎగిరి పెల్లెట్లు మరో చోట పడతాయి.

బలమైన స్ప్రింగు ఈ రెండు కుదుపులనూ పెంచుతుంది. స్క్రూలు త్వరగా వదులవుతాయి. టెలిస్కోప్ బిగించి ఉంటే అది జరిగిపోతుంది, చవకరకమైతే పాడవుతుంది కూడా. గొట్టం వంచడానికే చేయి అలసిపోతుంది, అలసిన చేయి వణుకుతుంది. ఇంకో దుర్మార్గపు చిట్కా కూడా వినిపిస్తుంటుంది, పిస్టన్ ముందు నూనె చుక్క వేయమని. వేడెక్కిన గాలిలో ఆ నూనె డీజిల్ ఇంజన్‌లో లాగా అంటుకుని, పొగతో పెద్ద చప్పుడు చేస్తుంది. లోపలి సీలు, స్ప్రింగు దెబ్బతింటాయి. ఆ పెల్లెట్ ఏ వేగంతో పోతుందో ఎవరూ చెప్పలేరు.

వేగం మీద వ్యామోహం తగ్గడానికి ఒక లెక్క చాలు. పోటీల్లో వాడే పెల్లెట్ బరువు సుమారు 0.53 గ్రాములు. అది సెకనుకు దాదాపు 170 మీటర్ల వేగంతో బయల్దేరుతుంది. గతిజశక్తి సూత్రంలో ఈ అంకెలు వేస్తే ఏడున్నర జౌల్స్ వస్తాయి. జర్మనీలో లైసెన్స్ లేకుండా పెద్దవాళ్లు కొనుక్కోగల ఎయిర్ రైఫిల్ హద్దు కూడా 7.5 జౌల్సే. ఒలింపిక్ పతకానికి సరిపోయిన శక్తి ఇంటి వెనుక అభ్యాసానికి చాలదంటే ఏమనాలి?

మన దేశంలో 2016 ఆయుధ నియమావళి ప్రకారం, శక్తి 20 జౌల్స్ దాటినా, బోరు 0.177 అంగుళం, అంటే 4.5 మిల్లీమీటర్లు దాటినా ఎయిర్ రైఫిల్‌కు లైసెన్స్ కావాలి. కాబట్టి లైసెన్స్ అక్కర్లేని రైఫిల్ కొన్న మనిషి స్ప్రింగు మార్పించి 20 దాటిస్తే, తనకు తెలియకుండానే లైసెన్స్ లేని ఆయుధానికి యజమాని అవుతాడు. ఎన్‌సీసీలో చేరినవారు పేల్చిన .22 రైఫిల్ సంగతి వేరు. దాని గుండు 2.6 గ్రాములు, వేగం సెకనుకు 330 మీటర్లు, శక్తి 140 జౌల్స్ పైమాటే. పోటీ ఎయిర్ రైఫిల్‌కు పద్దెనిమిది రెట్లు. మందుగుండుతో పేలే ఆ రైఫిల్ లైసెన్స్ లేకుండా దగ్గర ఉండకూడదు. దాని గొట్టాన్ని సొంతంగా కురచ చేయడం 1959 ఆయుధ చట్టం ప్రకారం నేరం. దాని మీద ఇంటి ప్రయోగాలకు తావే లేదు.

డమరుకం ఎందుకు?

పెల్లెట్‌ను చేతిలోకి తీసుకుని చూడండి. శివుడి చేతిలోని డమరుకంలా నడుము సన్నగా ఉంటుంది. తల నిండుగా, వెనుక భాగం బోలుగా, పలుచగా ఉంటుంది. గాలి వెనుక నుంచి తోసినప్పుడు ఆ పలుచని అంచు కొద్దిగా విచ్చుకుని గొట్టానికి అతుక్కుంటుంది, గాలి పక్కల నుంచి తప్పించుకోదు. బయటికి వచ్చాక అదే అంచు షటిల్ కాక్ ఈకల్లాగా వెనక్కి లాగుతూ తలను ముందుకే ఉంచుతుంది. గొట్టం లోపలి మెలిక గాళ్లు ఇచ్చే గిరగిర తిరుగుడు దీనికి తోడు. వేగం శబ్దవేగానికి, అంటే సెకనుకు సుమారు 340 మీటర్లకు దగ్గరపడే కొద్దీ ఈ ఆకారం చుట్టూ గాలి చెదిరిపోయి పెల్లెట్ ఊగుతుంది. డబ్బా మీద పెద్ద వేగం అచ్చేసి అమ్మే తేలికపాటి పెల్లెట్లు చాలావరకు నిరాశపరిచేది ఇందుకే.

పది మీటర్లు దాటడానికి పోటీ పెల్లెట్‌కు సెకనులో ఆరు వందో వంతులు పడుతుంది. ఆ కొద్ది సమయంలో అది భూమ్యాకర్షణకు దాదాపు 2 సెంటీమీటర్లు కిందికి దిగుతుంది. ప్రతిసారీ అంతే దిగితే ఇబ్బంది లేదు, సైట్‌ను అంత పైకి సర్దుకుంటే సరి. కానీ ఒక పెల్లెట్ మిగతావాటి కన్నా 5 శాతం నెమ్మదిగా వెళితే? సమయం 5 శాతం, దిగుడు 10 శాతం పెరుగుతాయి. అంటే 2 మిల్లీమీటర్లు కింద తగులుతుంది. 10 మీటర్ల రైఫిల్ టార్గెట్‌లో పదో నంబరు చుక్క వెడల్పు అర మిల్లీమీటరు. ఒక వలయానికీ పక్క వలయానికీ దూరం రెండున్నర మిల్లీమీటర్లు. ఆ కొద్ది తేడాకే దాదాపు ఒక పాయింటు పోతుంది. అంటే కావలసింది వేగం పెరగడం కన్నా ముందు వేగం మారకుండా ఉండడం. అందుకు చవకైన మార్గం మంచి పెల్లెట్లు. నొక్కుకుపోయినవాటిని పక్కన పెట్టండి. రెండు మూడు రకాల డబ్బాలు తెచ్చి మీ గొట్టానికి ఏది నప్పుతుందో చూడండి. ఒకే కంపెనీ రైఫిళ్లలో కూడా ఒకదానికి నచ్చింది ఇంకోదానికి నచ్చకపోవచ్చు.

ఒంటికి తగినట్టు

నా ఉద్దేశంలో చవక రైఫిల్‌కు చేయదగిన అసలు మార్పు దాన్ని మనిషి కొలతకు తేవడం. చెప్పుల విషయంలో మనం పట్టించుకునే కొలతను రైఫిల్ విషయంలో పట్టించుకోం. చెక్క భాగాన్ని స్టాక్ అంటారు. ఖాళీ రైఫిల్ స్టాక్ చివరను మోచేతి మడతలో ఆనించి చూడండి. చూపుడు వేలి మొదటి కణుపు తేలిగ్గా ట్రిగ్గర్‌ను అందితే పొడవు సరిపోయినట్టే. పొడగరికి స్టాక్ చివర రబ్బరు షీటు పొరలు చేర్చితే చాలు. పదమూడేళ్ల పిల్లకు పెద్దవాళ్ల రైఫిల్ ఇచ్చి మెడ వంకర పెట్టించడం కన్నా పొట్టి స్టాక్ ఉన్నది వెతకడం మంచిది.

చెంప ఆనే చోట కూడా అంతే. స్టాక్ పల్లంగా ఉంటే కన్ను ప్రతిసారీ ఒక్కో ఎత్తులో ఉంటుంది. ఫోమ్ ముక్క మీద పాత తోలు చుట్టి టేపు వేస్తే కన్ను ఒకే చోటికి వస్తుంది. ఖర్చు వంద రూపాయలు కూడా కాదు.

తర్వాత సైట్లు. వెనుక సైట్, ముందు సైట్, టార్గెట్ మూడూ మూడు దూరాల్లో ఉంటాయి, కన్ను మూడింటినీ ఒకేసారి స్పష్టంగా చూడలేదు. వెనుక గాడి బదులు చిన్న రంధ్రమున్న పీప్ సైట్ పెడితే ఈ కష్టం తగ్గుతుంది. కళ్లద్దాలు పెట్టుకునేవారు అవి తీసి, వేళ్ల మధ్య సన్నని సందులోంచి దూరపు అక్షరాలను చూడండి, కొంత తేటపడతాయి. పిన్‌హోల్ కెమెరా సూత్రమే ఇది. పీప్ సైట్‌ను కంటికి దగ్గరగా అమర్చడం వల్ల రెండు సైట్ల మధ్య దూరం కూడా పెరుగుతుంది. ఆ దూరం 45 సెంటీమీటర్లయితే, సైట్ల పొందికలో పదో వంతు మిల్లీమీటరు పొరపాటు 10 మీటర్ల దగ్గర 2.2 మిల్లీమీటర్లవుతుంది. దూరం 70 సెంటీమీటర్లయితే 1.4 దగ్గరే ఆగుతుంది. మన దేశంలో కొన్ని పోటీల్లో ఓపెన్ సైట్‌కూ పీప్ సైట్‌కూ వేర్వేరు విభాగాలు ఉండడానికి కారణం ఈ తేడాయే.

ట్రిగ్గర్ జోలికి మాత్రం జాగ్రత్తగా వెళ్లాలి. సర్దుబాటు స్క్రూ ఇచ్చి ఉంటే దానితో ఆగిపోండి. కొక్కెం అంచును ఆకురాయితో అరగదీస్తే ట్రిగ్గర్ తేలికవుతుంది నిజమే, రైఫిల్ గోడకు తగిలినా పేలేంత తేలికవుతుంది. పెల్లెట్ పెట్టేటప్పుడు వంచిన గొట్టాన్ని ఒక చేత్తో పట్టుకునే ఉండాలి. ఆ సమయంలో కొక్కెం జారితే గొట్టం ఒక్కసారిగా పైకి లేచి వేళ్లు నలిగిపోతాయి. పెల్లెట్ లేకుండా ఉత్తగా పేల్చడమూ కూడదు. గాలి మెత్త లేక పిస్టన్ నేరుగా లోహాన్ని గుద్దుకుంటుంది.

మూడు పెల్లెట్ల మోసం

మార్పు చేశాక అది పనిచేసిందా లేదా ఎలా తెలుస్తుంది? చాలామంది మూడు పెల్లెట్లు కాలుస్తారు, అవి దగ్గర దగ్గరగా పడితే పండగ చేసుకుంటారు. ఎన్‌సీసీ క్యాడెట్లు గ్రూపింగ్ అని పిలిచేది దీన్నే. కానీ సంభావ్యత లెక్క ప్రకారం, ఏమీ మార్చకుండా అదే మనిషి అదే రైఫిల్‌తో కాల్చినా, మూడు పెల్లెట్ల గ్రూపు వెడల్పు సగటున పది పెల్లెట్ల గ్రూపులో మూడింట రెండు వంతులకు తక్కువే ఉంటుంది. పైగా మూడు పెల్లెట్ల గ్రూపులు ఒకదానికొకటి విపరీతంగా తేడా పడతాయి. నిన్న పది కాల్చి ఇవాళ మూడు కాల్చినవాడికి కొత్త తోలు ముక్క అద్భుతం చేసినట్టే కనిపిస్తుంది.

ఒకసారికి ఒక మార్పే చేయండి. మార్పుకు ముందు పదేసి పెల్లెట్లతో మూడు గ్రూపులు, తర్వాత మూడు గ్రూపులు. కాగితాల మీద తేదీ, పెల్లెట్ రకం రాసి దాచండి. గ్రూపు బిగుతుగా ఉండి పక్కకు పడితే సైట్ సర్దాలి. చెల్లాచెదురుగా పడితే సైట్ ముట్టుకోవద్దు, ముందు స్టాక్ స్క్రూలు చూడండి. నిన్నటిదాకా బాగున్న రైఫిల్ ఇవాళ మొరాయించిందంటే చాలాసార్లు కారణం అక్కడే దొరుకుతుంది.

ఇవన్నీ ఎక్కడ కాలుస్తారన్నది చివరి ప్రశ్న, అన్నిటికన్నా పెద్దది. ఏడున్నర జౌల్స్ కన్ను పోగొట్టడానికి ఎక్కువే. గురి తప్పి పైకి వెళ్లిన పెల్లెట్ కొన్ని వందల మీటర్లు పోతుంది. అందుకే షూటింగ్ క్లబ్ రేంజి మొదటి ఎంపిక. పిట్టల మీద గురి పెట్టడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద శిక్షకు దారితీస్తుంది. అరుణాచల్ ప్రదేశ్‌లో పక్షుల వేటను ఆపడానికి 2021 మార్చిలో ఎయిర్‌గన్ సరెండర్ అభియాన్ మొదలైంది. ఏడాది తిరగకముందే 1,600కు పైగా ఎయిర్‌గన్‌లను జనం తమంతట తామే అప్పగించారు.

ఇంట్లోనే అభ్యాసం చేయక తప్పకపోతే, టార్గెట్ వెనుక మందపాటి చెక్క పెట్టె, దాని నిండా గట్టిగా కుక్కిన పాత బట్టలు, ఆ వెనుక తలుపూ కిటికీ లేని గోడ ఉండాలి. కాల్చేవారికీ చూసేవారికీ రక్షణ కళ్లద్దాలు తప్పనిసరి. పెల్లెట్లను పెదవుల మధ్య పట్టుకునే అలవాటు కొందరికి ఉంది, అది మానాలి. పిల్లల రక్తంలో సీసం ఇంతవరకు ఉంటే ప్రమాదం లేదని చెప్పగల హద్దే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. పెట్టెలోని పాత పెల్లెట్లను చీపురుతో ఊడవకుండా తడిగుడ్డతో ఏరి, మూత ఉన్న డబ్బాలో వేయండి. రైఫిల్‌ను, పెల్లెట్లను వేర్వేరు తాళాల్లో పెట్టి, చేతులు సబ్బుతో కడుక్కున్నాకే టిఫిన్ ముందు కూర్చోండి.