పాత కన్వర్టర్లలో ప్లాటినం, పలాడియం: గిరాకీని నడిపేది వేడి

సరూర్‌నగర్: బంగారం, వెండి ధరవరలు రోజూ చూసే మన వర్తకులు ప్లాటినం, పలాడియం, రోడియంల వంక అంతగా చూడరు. పాత కార్ల విడిభాగాలు కొనేవారి చేతికి మాత్రం ఈ మూడూ సైలెన్సర్ గొట్టంతోపాటే వస్తుంటాయి.

రోడియం 2021 మార్చిలో ఔన్సు (31.1 గ్రాములు) 30 వేల డాలర్ల దరిదాపులకు పోయి, 2023 చివరికి 5 వేలకు దిగువన పడింది. 2022 మార్చిలో 3 వేలు దాటిన పలాడియం 2024 ఆరంభంలో వెయ్యి లోపుకు దిగింది. సరఫరా ప్రధానంగా దక్షిణాఫ్రికా, రష్యాలదే గనుక సమ్మె వార్తకో, యుద్ధ వార్తకో ధర కదలడం మామూలే. గిరాకీ సంగతి వేరు. వేడికి లోహం ఎంతకాలం నిలుస్తుందన్నదే అక్కడ ముఖ్యం.

కన్వర్టర్ లోపల తేనెపట్టు వంటి పింగాణీ దిమ్మె, దాని గోడలకు అల్యూమినా, సీరియా, జిర్కోనియా ఆక్సైడ్ల పూత వుంటాయి. లోహం ఆ పూతపై అతిసూక్ష్మ రేణువులుగా అంటి వుంటుంది. పైకి కనబడే పరమాణువులే పనిచేస్తాయి. 2 నానోమీటర్ల రేణువులో అవి సుమారు సగం. 20 నానోమీటర్లకు పెరిగితే ఇరవయ్యో వంతు. ఇంజను పొగ 900 డిగ్రీల సెంటీగ్రేడుకు చేరితే రేణువులు జరిగి ముద్దకడతాయి. అందుకే తయారీదారు ముందుగానే లోహం ఎక్కువ పోస్తాడు. పూత గట్టిదైతే తక్కువతో సరిపెడతాడు. కారుకు 1 గ్రాము తగ్గినా 10 లక్షల కార్లకు 1 టన్ను గిరాకీ పోయినట్లే!

ఈ పరిశోధన మనకు దూరమేమీ కాదు. తార్నాకలోని ఐ.ఐ.సి.టి.లో బి.ఎం. రెడ్డి బృందం సీరియాను సిలికా, టైటానియా, జిర్కోనియాలతో కలిపి, 500 నుంచి 800 డిగ్రీల వరకు కాల్చి నిలకడను పరీక్షించింది. 2005లో ఆ ఫలితాలు వెలువడ్డాయి. అమెరికాలో న్యూ మెక్సికో విశ్వవిద్యాలయానికి చెందిన అభయ దాత్యే బృందం 2016లో మరో విశేషం చూపింది: 800 డిగ్రీల వద్ద అల్యూమినా నుంచి ఆవిరై లేచిన ప్లాటినంను పక్కనున్న సీరియా ఒక్కొక్క పరమాణువుగా పట్టి నిలుపుకొన్నది.

పెట్రోలు కార్లలో ప్లాటినంకన్నా పలాడియంకే మొగ్గు వుండడానికి వేడి ఒక కారణం. పలాడియం మరీ ప్రియమైన తరుణంలో, 2020లో, బి.ఎ.ఎస్.ఎఫ్. కంపెనీ కొంత పలాడియం స్థానే ప్లాటినం వేసిన మూడు లోహాల ఉత్ప్రేరకాన్ని ప్రకటించింది. ఈ రెండింటి ధరల తేడాపై బేరం చేసేవారు గనుల వార్తలతోపాటు ఇలాంటివీ చూడాలి.

ఇక పాత సరుకు. పని మానిన కన్వర్టర్‌ను ఇనుము లెక్కన ఇచ్చేయడం శుద్ధ నష్టం. రేణువులు ముద్దకట్టినా లోహం తూకం చాలావరకు అలాగే వుంటుంది. దిమ్మె పగిలి పొడి రాలితేనే లోహం పోతుంది. మన దేశంలో కన్వర్టర్ నిబంధన 1995 ఏప్రిల్‌లో నాలుగు మహానగరాల కొత్త పెట్రోలు కార్లతో మొదలైంది. హైదరాబాద్ ఆ నాలుగింటిలో లేదు గనుక అంతకు ముందరి బండ్లలో వెదకడం వృథా. దొంగ సరుకు బెడద కూడా వుంది కాబట్టి బండి కాగితాల నకలు తీసుకొని, పొడి పరీక్ష చేయించాకే ధర కట్టడం క్షేమం.